గుట్ట ఎక్కే ముందు గుండెను అడగండి

ఎల్బీనగర్ చౌరస్తా దాటి ఓ గంట సైకిల్ తొక్కితే చెరువులు, చెట్లు, గుట్టలు. ఇంకాస్త ముందుకెళ్తే రాచకొండ అడవి. ఆదివారం పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకుని అటు బయలుదేరే నలభైలు దాటినవాళ్లు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురం కాలనీల్లో బాగానే కనిపిస్తున్నారు. మంచి అలవాటే. అయితే కొండదారి పట్టే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

ఓ ఆదివారం పొద్దున పదకొండు గంటలప్పుడు ఒకాయన మా క్యాజువాలిటీకి నడుచుకుంటూ వచ్చారు. వయసు 46. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం. పక్కన భార్య. ‘గ్యాస్ పట్టేసింది సార్. ఒక ఇంజెక్షన్ ఇస్తే ఇంటికి పోతా’ అన్నారు. ముఖమంతా చెమటలు. ఈసీజీ తీశాం. గ్యాస్ కాదు, గుండెపోటు.

విషయం అడిగితే ఆయన భార్య చెప్పారు. మూడు వారాల కిందట గేర్ల సైకిల్ కొన్నారట. అంతకుముందు పదేళ్లుగా వ్యాయామమన్నదే లేదు. ఆ రోజు నలుగురు స్నేహితులతో కలిసి సంఘీ గుడికి బయలుదేరారు. చివర్లో గుట్ట ఎక్కుతుంటే ఛాతీ మీద బండ పెట్టినట్టు అనిపించింది. దవడ లాగింది. కాసేపు కూర్చున్నారు. ఎవరో సోడా తెచ్చి ఇస్తే తాగారు. కొంచెం తగ్గింది. మళ్లీ సైకిలెక్కి ఇరవై కిలోమీటర్లు తొక్కుకుంటూ ఇంటికొచ్చారు. స్నానం చేశారు, టిఫిన్ తిన్నారు. అప్పుడు నొప్పి మళ్లీ తిరగబెట్టింది. ‘ఆస్పత్రికి పోదామంటే ఈయన వింటేగా సార్’ అని ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

నొప్పి మొదలైంది ఆరున్నరకు. మా దగ్గరికి వచ్చింది పదకొండుకు. నాలుగున్నర గంటలు! గుండెపోటులో ఒక్కో నిమిషానికీ కొంత గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, గుండె వైద్య విభాగానికి పంపాం. అక్కడ స్టెంట్ వేశారు. ప్రాణం దక్కింది. కానీ గుండె పంపింగ్ తగ్గింది. మామూలుగా 55 శాతానికి పైన ఉండాల్సింది ఆయనకు 40 దగ్గర ఆగిపోయింది.

కొన్నాళ్లకు మందుల కోసం మా ఓపీకి వచ్చినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘మళ్లీ సైకిల్ తొక్కొచ్చా సార్?’ నేను వెంటనే ‘ఆ సైకిల్ సంగతి ఇక మర్చిపోండి’ అనేశాను.

అది నేను చేసిన తప్పు. ఆయనకు చేటు చేసింది సైకిల్ కాదు. పదేళ్లు కదలకుండా కూర్చున్న ఒంటిని, ఎన్నేళ్లుగానో చూపించుకోని బీపీని, షుగర్‌ను వెంటబెట్టుకుని ఒక్కసారిగా గుట్ట ఎక్కడం. నిజానికి గుండెపోటు వచ్చి కోలుకున్నవాళ్లకు పద్ధతి ప్రకారం చేసే వ్యాయామం కూడా ఒక మందే. ఆ మాట ఆయనకు చెప్పింది గుండె డాక్టరు. తర్వాత ఏం జరిగిందో చివర్లో చెబుతాను. ముందు గుట్ట మన ఒంటికి పెట్టే పరీక్ష ఏంటో చూద్దాం.

చదును రోడ్డు వేరు, ఎక్కుడు వేరు

మీ బరువు, సైకిల్ బరువు కలిపి 85 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద నిదానంగా, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే గుండెకు పెద్దగా శ్రమ ఉండదు. చురుగ్గా నడిచినట్టే. ఇప్పుడు ప్రతి 100 మీటర్లకూ 5 మీటర్లు పైకి లేచే ఎక్కుడు వచ్చింది. వేగం పదికి తగ్గించినా సరే, మీ కాళ్లు చేయాల్సిన పని చదును రోడ్డు మీద చేసినదానికి రెండింతలు దాటుతుంది. ఆ కండరాలకు కావలసిన ఆక్సిజన్‌ను మోసుకెళ్లేది రక్తం. దాన్ని తోసేది గుండె. అంటే రెండు మూడు నిమిషాల్లోనే గుండె మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది.

గుండె రక్తనాళంలో సగానికి పైగా పూడిక ఉన్నా, ఇంట్లో తిరుగుతున్నప్పుడు, స్కూటర్ మీద దుకాణానికి వెళ్తున్నప్పుడు తెలియకపోవచ్చు. ఎక్కుడు దగ్గరే అది బయటపడుతుంది. ఆస్పత్రిలో ట్రెడ్‌మిల్ మీద చేసే పరీక్ష (టీఎంటీ) కూడా ఇదే పని చేస్తుంది. తేడా ఏంటంటే, అక్కడ పక్కన డాక్టరు ఉంటారు, ఈసీజీ తీగలు ఉంటాయి. గుట్ట మీద సోడా ఇచ్చే స్నేహితుడు ఉంటాడు.

ఇంకో మాట. మన దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు మిగతా దేశాల వారికంటే సగటున ఐదారేళ్లు ముందే వస్తోందని అంతర్జాతీయ పరిశోధనలు తేల్చాయి. మన మగవాళ్లలో నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటిందంటే ముప్పు మొదలైనట్టే. సన్నగా ఉన్నా పొట్ట ఉంటే ఈ లెక్కలోకే వస్తారు.

ముందు డాక్టరును కలవాల్సింది ఎవరు?

చదును రోడ్డు మీద నిదానంగా సైకిల్ తొక్కడానికి చాలామందికి ఏ పరీక్షలూ అక్కర్లేదు. గుట్టలు ఎక్కాలనుకున్నప్పుడు మాత్రం కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందుగా డాక్టరును కలవండి.

• నలభై దాటి, కొన్నేళ్లుగా వ్యాయామం లేకపోవడం
• బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ జబ్బు ఉండటం
• పొగ తాగడం, లేదా ఇటీవలే మానేయడం
• తండ్రికి, అన్నదమ్ములకు 55 ఏళ్లలోపు, తల్లికి, అక్కచెల్లెళ్లకు 65 ఏళ్లలోపు గుండె జబ్బు రావడం
• మెట్లెక్కుతున్నప్పుడు ఛాతీలో బరువు, మామూలుకు మించిన ఆయాసం, కళ్లు తిరగడం, గుండె దడ
• కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోవడం

డాక్టరు మీ మాట విని, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చూస్తారు. అవసరమనుకుంటే ఎకో, టీఎంటీ రాస్తారు. అందరికీ అన్నీ అవసరం ఉండవు. బీపీ, షుగర్ అయితే మీ దగ్గర్లోని బస్తీ దవాఖానాలో ఉచితంగానే చూస్తారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. టీఎంటీ బాగుందంటే ఇక ఎప్పటికీ ఏమీ కాదని రాసిచ్చినట్టు కాదు. ఆ తర్వాత కూడా ఒళ్లు చెప్పే మాట వినాల్సిందే.

నాలుగు మెట్లు, నాలుగు దారులు

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. చాలామంది ఆ ఐదు రోజులు వదిలేసి, మొత్తం ఆదివారం మీద వేస్తారు. వారమంతా కుర్చీలో కూర్చున్న గుండెకు ఆదివారం గుట్ట చూపిస్తే అది బెదురుతుంది. అందుకే మెట్టు మెట్టుగా వెళ్లాలి. మన తూర్పు హైదరాబాద్‌లో అందుకు తగిన దారులు వరసగా ఉన్నాయి.

మొదటి మెట్టు, తొలి నాలుగు వారాలు: కాలనీ దాటొద్దు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వాళ్లకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల వీధులు, వనస్థలిపురం వాళ్లకు తమ కాలనీ లోపలి రోడ్లు చాలు. పొద్దున ట్రాఫిక్ మొదలవకముందే అరగంట. ఎంత వేగంగా తొక్కాలన్నదానికి వాచీలూ యాప్‌లూ అక్కర్లేదు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మాట తెగిపోతుంటే తగ్గించండి. హాయిగా పాట వస్తుంటే కాస్త పెంచండి. సైకిల్ తొక్కని రోజున పక్కనే ఉన్న మహావీర్ హరిణ వనస్థలికి కుటుంబంతో వెళ్లి నడవండి. ఒకప్పటి నిజాం వేట స్థలం 1975 నుంచి కృష్ణజింకల నెలవుగా ఉంది. విజయవాడ హైవే హోరు పక్కనే అంత అడవి ఉందని ఇంట్లో పిల్లలకు చూపించినట్టూ ఉంటుంది.

రెండో మెట్టు, ఐదు నుంచి ఎనిమిది వారాలు: సాగర్ రోడ్డు పట్టండి. హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్ మీదుగా గుర్రంగూడ వరకు. అక్కడ అటవీ శాఖ పెంచిన సంజీవని వనం ఉంది. ఈ దారిలో చిన్న చిన్న ఎత్తుపల్లాలు వస్తాయి. ఎక్కుడు కనిపించగానే గేరు తగ్గించి, కాళ్లు తేలిగ్గా తిరిగేలా చూసుకోవాలి. ఆయాసం వస్తే దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్లండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. రోజుకు 40, 45 నిమిషాలు. వారానికి పది శాతానికి మించి దూరం పెంచకండి.

మూడో మెట్టు, తొమ్మిది నుంచి పన్నెండు వారాలు: అదే రోడ్డులో తుర్కయాంజాల్, బొంగులూరు, మంగళ్‌పల్లి మీదుగా ఇబ్రహీంపట్నం చెరువు. ఎల్బీనగర్ నుంచి ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మీదున్న పాత చెరువు. కట్ట మీద కూర్చుని అరగంట సేద తీరి, నిదానంగా తిరిగి రండి. రెండు మూడు ఆదివారాలు ఇది హాయిగా అయిపోతే, అప్పుడు విజయవాడ హైవే మీద పెద్ద అంబర్‌పేట దాటాక సంఘీనగర్ వైపు తిరిగి గుట్ట మీది వేంకటేశ్వరుడి గుడికి వెళ్లొచ్చు. దూరం దాదాపు అంతే. తేడా అంతా చివర్లో వచ్చే ఎక్కుడులోనే ఉంది. మూడు వారాల సైకిల్‌తో మన బట్టల దుకాణం ఆయన వెళ్లింది సరిగ్గా ఈ మెట్టుకే.

నాలుగో మెట్టు, మూడు నాలుగు నెలల తర్వాత: రాచకొండ. ఇబ్రహీంపట్నం నుంచి మంచాల మీదుగా కొండల్లోకి దారి. ఎల్బీనగర్ నుంచి యాభై కిలోమీటర్ల దరిదాపు. వెళ్లి రావడమంటే వంద. అందుకే కారులో సైకిళ్లు వేసుకుని ఇబ్రహీంపట్నం దాకా వెళ్లి, అక్కడి నుంచి మొదలుపెట్టడం తెలివైన పని. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు రాజధాని చేసుకున్న కొండలివి. కవిపండితుడిగా పేరున్న సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలింది ఇక్కడి నుంచే. 2016లో ఏర్పడిన పోలీసు కమిషనరేట్‌కు పెట్టింది కూడా ఈ కొండల పేరే. వానలు పడ్డాక పచ్చగా, మాఘ ఫాల్గుణాల్లో మోదుగుపూలతో ఎర్రగా ఉంటుంది. కోట గోడల దాకా సైకిల్ వెళ్లదు. కింద పెట్టి నడవాలి. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ అందని చోట్లు ఉండొచ్చు. కాబట్టి ఒంటరిగా వెళ్లొద్దు. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఇది కూడా అలవాటైనవాళ్లు ఏడాదికోసారి వికారాబాద్ అనంతగిరి పెట్టుకోవచ్చు. మూసారంబాగ్ వంతెన మీద ముక్కు మూసుకుని దాటే మన మూసీ నది పుట్టింది ఆ కొండల్లోనే. నిజాం కాలంలో క్షయ రోగుల కోసం శానిటోరియం పెట్టిందీ అక్కడే. మందులు సరిగా లేని రోజుల్లో డాక్టర్లు రాసిన చీటీ ఒక్కటే: కొండగాలి, తిండి, విశ్రాంతి.

నగరం పడమటి వైపు నార్సింగి, కొల్లూరు మధ్య ఔటర్ పక్కన 2023లో సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ వేశారు. నానక్‌రామ్‌గూడ భాగంతో కలిపి 23 కిలోమీటర్లు. మన తూర్పు వైపు వాళ్లకు అలాంటి ట్రాక్ లేదు కాబట్టి లారీల పక్కనే తొక్కాలి. గుండె తర్వాత నన్ను భయపెట్టేది అదే.

రోడ్డు మీద ప్రాణం

గుట్ట మీద గుండె ఆగినవాళ్ల కంటే, గుట్టకు వెళ్లే దారిలో బండి తగిలి వచ్చినవాళ్లనే మా క్యాజువాలిటీలో ఎక్కువ చూశాను. సైకిల్ ఎంత ఖరీదైనదైనా లారీకి దాని మీద గౌరవం ఉండదు.

చీకట్లో బయలుదేరొద్దు. డిసెంబరు, జనవరిలో ఆరున్నర దాటితే గానీ సరిగా వెలుతురు రాదు. ఆ నెలల్లో తెల్లవారుజామున పొగ, దుమ్ము కూడా నేలబారునే నిలిచి ఉంటాయి. ఏడు గంటలకు బయలుదేరితే ఊపిరితిత్తులకూ మంచిదే. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకోకుండా కదలొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరాలి.

హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ల ఎడంలో, అడ్డంగా కూర్చోవాలి. వెనక్కి వాలితే నుదురు ఖాళీ అయిపోతుంది. దవడ కింద పట్టీ బిగించకపోతే అది టోపీతో సమానం. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి. హైవే మీద సర్వీసు రోడ్డు ఉన్నంత మేరా దాన్నే వాడండి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. చెవిలో పాటలు వద్దు. పక్కపక్కన నలుగురు ముచ్చట్లాడుతూ కాదు, ఒకరి వెనక ఒకరు. దిగుడులో వేగం సరదాగానే ఉంటుంది. కానీ మలుపులో కంకర ఉంటే బ్రేకు కూడా కాపాడదు.

కుక్క వెంటపడితే చాలామంది వేగం పెంచి పడిపోతారు. దిగి, సైకిల్‌ను అడ్డంగా పెట్టుకుని నిలబడితే చాలాసార్లు అది ఆగుతుంది. కరిస్తే, చిన్న గీరుడు అయినా సరే, పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా వేయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. అడవి దారిలో పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాలు కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా ఆస్పత్రికి చేర్చాలి.

మందులు వాడేవాళ్లు ఇది చదవండి

షుగర్ ఉన్నవాళ్లకు సైకిల్ ఎంతో మేలు. తొక్కుతున్నప్పుడు తొడ కండరాలు రక్తంలోని చక్కెరను నేరుగా లాగేసుకుంటాయి. ఆ ప్రభావం మర్నాటి దాకా ఉండొచ్చు. అక్కడే ఒక చిక్కు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు చక్కెర మరీ పడిపోవచ్చు. వణుకు, చెమట, ఆకలి, తికమక దాని గుర్తులు. వెంటనే ఆగి మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో తీసుకుని, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. ఖాళీ కడుపుతో బయలుదేరొద్దు. దూరం పెట్టుకున్న రోజు డోసు తగ్గించాలా అన్నది ముందే డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానేయొద్దు. పాదాల్లో తిమ్మిర్లు ఉంటే చెప్పులతో తొక్కకండి. బూటు విప్పగానే అరికాలు చూసుకోండి.

బీపీకి అటెనలాల్, మెటప్రొలాల్ లాంటివి వాడుతుంటే గుండె వేగం ఎంత కష్టపడినా పెద్దగా పెరగదు. వాచీలో నాడి తక్కువే చూపిస్తోంది కదా అని తొక్కేయకండి. అలాంటప్పుడు మాట పరీక్షే నమ్మకం. మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లలో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఎండలో మరింత జాగ్రత్త. గంట లోపు తొక్కడానికి మంచినీళ్లు చాలు. అంతకు మించితే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో పూర్తిగా కలిపి తీసుకెళ్లి కొంచెం కొంచెంగా తాగండి. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

మోకాలి నొప్పి అంటే సీటు చూడండి

‘సైకిల్ తొక్కితే మోకాళ్లు అరిగిపోతాయా డాక్టర్?’ అని ఆడవాళ్లు ఎక్కువగా అడుగుతారు. ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి నడకకంటే సైకిలే మోకాళ్లకు తేలిక. నొప్పి వస్తోందంటే చాలాసార్లు సీటు కిందికి ఉందని అర్థం. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. అది సరైన ఎత్తు. ఇక గట్టి గేరు మీద లేచి నిలబడి తొక్కడం మోకాలి చిప్పకు చేటు. నిమిషానికి 70, 80 సార్లు తేలిగ్గా పెడల్ తిరిగేలా గేరు పెట్టుకోండి. అరగంటకోసారి సీటు మీంచి లేస్తే కింద తిమ్మిర్లు పట్టవు. ఎముకల బలానికి సైకిల్ ఒక్కటే సరిపోదు. వారానికి రెండు రోజులు నడక, మెట్లు, కొద్దిపాటి బరువులు కూడా ఉండాలి. రోడ్డు మీద బ్యాలెన్స్ కుదరని పెద్దవాళ్లకు ఇంట్లో నిలకడ సైకిల్ మేలు.

బరువు తగ్గడానికి తొక్కేవాళ్లకు ఒక చేదు నిజం. మధ్యస్థంగా గంట తొక్కితే నాలుగైదు వందల కేలరీలు ఖర్చవుతాయి. తిరిగొస్తూ హయత్‌నగర్‌లో ఆగి పూరీ, ఆపైన మైసూర్ బజ్జీ, టీ లాగిస్తే ఆ లెక్క అక్కడికక్కడే తీరిపోతుంది. రెండు ఇడ్లీలు, ఓ గుడ్డు చాలు.

దారిలో ఛాతీ బరువెక్కితే..

ఈ ఒక్క భాగం కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

గుండెపోటు నొప్పి సాధారణంగా సూదిలా గుచ్చదు. బరువుగా, పిండేసినట్టు, మంటగా ఉంటుంది. ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకొచ్చు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పే లేకపోవచ్చు. అంతులేని నీరసం, ఆయాసం, వికారం, చల్లని చెమట మాత్రమే ఉండొచ్చు. ఎక్కుతున్నప్పుడు వచ్చి ఆగితే తగ్గిందంటే ‘తగ్గిపోయింది కదా’ అని కాదు, ‘గుండెకు రక్తం చాలడం లేదు’ అని అర్థం.

వెంటనే దిగండి. కూర్చోండి. మళ్లీ సైకిలెక్కొద్దు, ఒక్క కిలోమీటరైనా సరే. పక్కవాళ్లు 108కు ఫోన్ చేసి, కిలోమీటరు రాయో, ఊరి పేరో, గుడి పేరో స్పష్టంగా చెప్పాలి. ఆస్పిరిన్ పడనివాళ్లు, అల్సర్, రక్తస్రావం సమస్యలు ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగొచ్చు. ఎవరో ఇచ్చిన సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోవద్దు. మీకు డాక్టరు రాసిచ్చినదైతేనే వాడాలి. లేదంటే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. సోడా, ఈనో, యాంటాసిడ్లతో తగ్గుతుందేమో అని చూస్తూ కూర్చుంటే పోయేది మీ గుండె కండరమే. ఈసీజీ ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏదైనా సరే, మొదట అక్కడికే. గ్యాసో కాదో తేల్చాల్సింది ఈసీజీ.

ఒకవేళ మనిషి కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి తీయకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులు పెట్టి గట్టిగా, వేగంగా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. సైకిల్ బృందంలో కనీసం ఇద్దరు ఇది నేర్చుకుని ఉండాలి.

మళ్లీ అదే గుట్ట

మన బట్టల దుకాణం ఆయన సంగతి. గుండె డాక్టరు ఎకో, టీఎంటీ చేసి, ఎంతవరకు శ్రమ పడొచ్చో లెక్క చెప్పారు. మొదట ఇంటి ముందు పది నిమిషాల నడక. తర్వాత సరూర్‌నగర్ చెరువు దాకా. రెండు నెలలకు సైకిల్, అదీ కాలనీలోనే. సిగరెట్ మానేశారు. బీపీ, షుగర్ అదుపులోకి వచ్చాయి. మందులు ఒక్క రోజు తప్పలేదు. కూడా ఎవరు వెళ్లేవారో తెలుసా? ఆయన భార్య. ‘ఈయన్ని ఒక్కణ్ని పంపితే మళ్లీ సోడా తాగొస్తాడు’ అని ఆవిడా ఒక సైకిల్ కొనుక్కున్నారు.

పది నెలల తర్వాత ఇద్దరూ ఓపీకి వచ్చారు. పంపింగ్ 40 నుంచి 48కి పెరిగింది. ఫోన్‌లో ఫొటో చూపించారు. సంఘీ గుడి మెట్ల దగ్గర ఇద్దరూ, పక్కన రెండు సైకిళ్లు. ‘చివరి ఎక్కుడు తొక్కారా?’ అని అడిగాను.

‘లేదు సార్, దిగి నడిపించుకుంటూ ఎక్కినం’ అన్నారాయన.

నాకు కావాల్సిన జవాబు అదే. సైకిల్ మర్చిపోమని చెప్పినందుకు ఆయనకు క్షమాపణ చెప్పాను. వచ్చే ఆదివారం మీరు కూడా గుట్టల వైపు బయలుదేరుతుంటే, ఈ వారంలోనే ఒకసారి బీపీ, షుగర్ చూపించుకోండి. రాచకొండ ఆరు వందల ఏళ్లకు పైగా అక్కడే ఉంది. మీరు నాలుగు నెలలు ఆలస్యంగా వెళ్లినా అక్కడే ఉంటుంది.